తరగతి తలుపులు తెరిపించిన లాయరు మాస్టారు: చార్లెస్ హ్యూస్టన్



పిల్లల చదువు గురించి ఆలోచించేటప్పుడు మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అమెరికా యూనివర్సిటీ గుర్తొస్తుంది. మన బంధువుల్లోనో, మన అపార్ట్‌మెంట్‌లోనో ఎం.ఎస్. చేయడానికి వెళ్లినవాళ్లు ఒక్కరైనా ఉంటారు. ఫీజు ఎంత, ర్యాంకింగ్ ఎంత, స్కాలర్‌షిప్ వస్తుందా అని వాళ్లను అడుగుతాం. ఒంటి రంగు చూసి సీటు ఇవ్వమంటారా అని మాత్రం అడగం. ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం లేని రోజు దానంతటది రాలేదు. దాని కోసం కొందరు జీవితమంతా పనిచేశారు. వాళ్లలో ముందువరసలో ఉన్న ఒక లాయరు గురించి ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్. లాయరే కాదు, గొప్ప ఉపాధ్యాయుడు కూడా. అందుకే నాకు ఆయనంటే ప్రత్యేకమైన ఇష్టం.

చదివించిన ఇల్లు

హ్యూస్టన్ 1895 సెప్టెంబర్ 3న వాషింగ్టన్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తాత బానిసగా పుట్టినవాడు. తండ్రి విలియం కష్టపడి లా చదివి ప్రాక్టీసు పెట్టుకున్నారు. తల్లి మేరీ సంపన్న కుటుంబాల ఆడవాళ్లకు జుట్టు అలంకరణ చేసి సంపాదించేవారు. ఒక్కగానొక్క కొడుకును మంచి చదువు చదివించాలన్నదే ఇద్దరి పట్టుదల.

ఆయన పుట్టిన మరుసటి ఏడు, అంటే 1896లో, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రైలు పెట్టెలో తెల్లవారిని, నల్లవారిని వేరువేరుగా కూర్చోబెట్టినా, ఇద్దరికీ సమానమైన వసతి ఉంటే తప్పు కాదని ఆ తీర్పు సారాంశం. దాన్ని పట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు బడులు, ఆసుపత్రులు, పార్కులు, చివరికి మంచినీళ్ల కుళాయిలు కూడా వేరు చేశాయి. వేరు చేయడం అన్నిచోట్లా జరిగింది, సమానత్వం మాత్రం ఎక్కడా రాలేదు. నల్లపిల్లల బడికి పెట్టే ఖర్చు తెల్లపిల్లల బడికి పెట్టేదానిలో చిన్న భాగమే.

హ్యూస్టన్ ఆమ్‌హర్స్ట్ కాలేజీలో చేరారు. ఆ బ్యాచ్‌లో ఆయన ఒక్కరే నల్లజాతి విద్యార్థి. 1915లో అగ్రశ్రేణిలో పట్టా తీసుకున్నారు. తర్వాత వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో కొంతకాలం ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. నల్లజాతి వారి ఉన్నత చదువుకు 1867 నుంచి ఆధారంగా నిలిచిన సంస్థ అది.

సైన్యం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా దిగాక 1917లో ఆయన సైన్యంలో చేరి ఆఫీసరయ్యారు. నల్ల ఆఫీసర్లకు శిక్షణ వేరు, శిబిరం వేరు, భోజనం వేరు. ఫ్రాన్స్‌లో ఉండగా ఒక రాత్రి సొంత దేశపు తెల్ల సైనికుల గుంపు ఆయన్నీ, తోటి నల్ల ఆఫీసర్లనూ చుట్టుముట్టి ప్రాణాలు తీసినంత పని చేసింది. దేశం కోసం ప్రాణమివ్వడానికి వెళ్లినవాడికి ఆ దేశపు యూనిఫామ్ కూడా రక్షణ కాలేదు.

బతికి తిరిగొస్తే లా చదివి, తనను తాను కాపాడుకోలేని తనవాళ్ల తరఫున పోరాడాలని అప్పుడే నిశ్చయించుకున్నారు. 1919లో హార్వర్డ్ లా స్కూల్లో చేరారు. అక్కడి ప్రఖ్యాత పత్రిక హార్వర్డ్ లా రివ్యూ సంపాదకవర్గంలో చోటు దక్కిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1922లో లా డిగ్రీ, 1923లో డాక్టరేట్ సంపాదించి, తర్వాత స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో కూడా చదివి వచ్చారు. 1924లో తండ్రి ప్రాక్టీసులో చేరారు.

రాత్రి కాలేజీని మార్చిన మాస్టారు

హోవార్డ్ లా స్కూలు అప్పటికి సాయంత్రం నడిచే కాలేజీ. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు రాత్రి వచ్చి చదువుకునేవారు. జాతీయ స్థాయి గుర్తింపు లేదు. 1929లో హ్యూస్టన్ దానికి వైస్ డీన్ అయ్యారు. దాన్ని పగటిపూట నడిచే పూర్తిస్థాయి కాలేజీగా మార్చారు, లైబ్రరీ పెంచారు, చేర్చుకునే ప్రమాణాలు పెంచారు. 1931 కల్లా గుర్తింపు వచ్చేసింది.

ఆయన చాలా కఠినమైన మాస్టారు. విద్యార్థులు చాటుగా ఆయనకు ఇనప బూట్లు అని పేరు పెట్టారు. చేరినవాళ్లలో చాలామంది మధ్యలోనే మానేసేవారు. ఆయన ఆలోచన ఇది: తెల్ల లాయరు పొరపాటు చేస్తే అది ఆ ఒక్కడి పొరపాటు అంటారు. నల్ల లాయరు చేస్తే జాతికే చేతకాదంటారు. అందుకే తన పిల్లలు కోర్టులోకి అడుగుపెట్టేసరికి ఎవరికీ తీసిపోకూడదు.

ఆ కఠినత్వానికి తట్టుకుని నిలబడ్డ విద్యార్థి ఒకరు థర్‌గుడ్ మార్షల్. ఆయనది బాల్టిమోర్. మేరీల్యాండ్ యూనివర్సిటీ లా స్కూలు సొంత ఊళ్లోనే ఉన్నా, అందులో నల్లవారికి ప్రవేశం లేదు. రోజూ రైలెక్కి వాషింగ్టన్ వచ్చి హోవార్డ్‌లో చదువుకున్నారు. ఫీజు కోసం తల్లి తన పెళ్లి ఉంగరం, నిశ్చితార్థపు ఉంగరం తాకట్టు పెట్టారు. పిల్లల ఫీజు రసీదులు దాచుకునే మీకు ఆ తల్లి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. 1933లో మార్షల్ క్లాస్ ఫస్ట్ వచ్చారు. 1967లో అమెరికా సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు.

పోరాటం యూనివర్సిటీలతో ఎందుకు మొదలైంది?

వేల సంఖ్యలో ఉన్న ప్రాథమిక బడులతో కాకుండా హ్యూస్టన్ యూనివర్సిటీలతో మొదలుపెట్టారు. దాని వెనక గట్టి లెక్క ఉంది. నల్లపిల్లలకు బడి అంటూ ఒకటి ఎంత అధ్వానంగానైనా ఉండేది. కానీ చాలా రాష్ట్రాల్లో నల్లవారికి లా కాలేజీ అసలే లేదు. లేనిదాన్ని సమానమని ఏ రాష్ట్రమూ వాదించలేదు. ఒక్క విద్యార్థి కోసం కొత్త కాలేజీ కట్టాలంటే ఖర్చు భరించలేరు. పైగా లా కాలేజీ అంటే ఏమిటో ప్రతి జడ్జికీ సొంత అనుభవంతో తెలుసు.

మొదటి కేసు మేరీల్యాండ్‌దే. మార్షల్‌కు తలుపు మూసిన ఆ యూనివర్సిటీయే డొనాల్డ్ మర్రే అనే మరో యువకుడికీ సీటు నిరాకరించింది. మర్రే కూడా ఆమ్‌హర్స్ట్ పట్టభద్రుడే. గురువు, శిష్యుడు కలిసి వాదించారు. 1935 జూన్‌లో జడ్జి అతణ్ణి చేర్చుకోమన్నారు. పై కోర్టు 1936లో దాన్నే ఖాయం చేసింది. మర్రే 1938లో పట్టా తీసుకున్నాడు.

అప్పటికే హ్యూస్టన్ నల్లజాతి వారి హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ సంస్థకు ప్రధాన న్యాయవాదిగా చేరారు. సినిమా కెమెరా పట్టుకుని సౌత్ కరోలినా పల్లెల్లో తిరిగి, తెల్లపిల్లల బడులను, నల్లపిల్లల బడులను పక్కపక్కన చూపించేలా చిత్రీకరించారు. సమానం అన్న మాట ఎంత అబద్ధమో చూసినవాళ్లకే తెలియాలని ఆయన ఉద్దేశం.

తర్వాతి కేసు మిస్సోరిలో లాయిడ్ గెయిన్స్ అనే విద్యార్థిది. నల్లవాడు కాబట్టి మా లా స్కూల్లో చేర్చుకోం, పక్క రాష్ట్రానికి వెళ్లి చదువుకుంటే ఫీజు మేమే కడతాం అంది రాష్ట్రం. వినడానికి ఉదారంగా ఉంది కదా? హ్యూస్టన్ దాన్ని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో వాదించే ముందు హోవార్డ్‌లో విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట తన వాదన వినిపించి, వాళ్లడిగిన చిక్కు ప్రశ్నలన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నారు. 1938 డిసెంబర్ 12న తీర్పు వచ్చింది. తెల్ల విద్యార్థికి సొంత రాష్ట్రంలో ఇచ్చేది నల్ల విద్యార్థికీ ఆ రాష్ట్రంలోనే ఇవ్వాలని కోర్టు చెప్పింది.

ఈ గెలుపు వెనక ఒక విషాదం కూడా ఉంది. 1939 మార్చిలో గెయిన్స్ షికాగోలో తానుంటున్న చోటు నుంచి బయటికి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు. ఆ మిస్సోరి యూనివర్సిటీయే 2006లో అతని పేరిట గౌరవ లా డిగ్రీ ప్రకటించింది.

తల్లిదండ్రుల లాయరు

1938లో హ్యూస్టన్ ఆ బాధ్యతను మార్షల్‌కు అప్పగించి వాషింగ్టన్ వచ్చేశారు. అక్కడ కార్మికుల కేసులు, ఇళ్ల కేసులు చూసేవారు. 1947 చివర్లో ఆ నగరంలో ఒక నల్లపిల్లల బడిలో పిల్లలు పట్టక షిఫ్టులు పెడితే తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపడం మానేశారు. వాళ్లకు నాయకుడు గార్డ్‌నర్ బిషప్ అనే మంగలి. పెద్ద చదువులు, పెద్ద హోదాలు ఉన్నవాళ్లు కారు ఆ తల్లిదండ్రులు. హ్యూస్టన్ వాళ్ల కేసును ఫీజు తీసుకోకుండా చేపట్టారు.

కానీ గుండె సహకరించలేదు. మంచాన పడ్డాక ఆ పనిని తోటి లాయరు జేమ్స్ నాబ్రిట్‌కు అప్పగించారు. 1950 ఏప్రిల్ 22న, 54 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కొడుకుకి అప్పటికి ఆరేళ్లు.

ఆయన పోయిన ఆరు వారాలకు, జూన్ 5న, సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. ఒకటి టెక్సాస్ లా స్కూలుది. రెండోది ఓక్లహోమా యూనివర్సిటీది. ఈ రెండోదాని గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. జార్జ్ మెక్‌లారిన్ అనే వయసు మళ్లిన ఉపాధ్యాయుడు డాక్టరేట్ కోసం అక్కడ చేరారు. యూనివర్సిటీ సీటైతే ఇచ్చింది. కానీ క్లాసులో కాకుండా పక్కగదిలో కూర్చోబెట్టింది. లైబ్రరీలో వేరే బల్ల, క్యాంటీన్‌లో వేరే వేళ, వేరే బల్ల. పాఠం అదే, పుస్తకాలు అవే, మాస్టారు ఆయనే. అయినా అది సమానం కాదని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. తోటివాళ్లతో కలిసి కూర్చుని, చర్చించి, వాదించుకుంటేనే అది చదువు అని వాళ్ల భావం.

1954 మే 17న బడుల్లో కూడా ఈ వేరు చేయడం చెల్లదని కోర్టు తేల్చింది. అదే రోజు వాషింగ్టన్ తల్లిదండ్రుల కేసూ గెలిచింది. 1964లో వచ్చిన పౌరహక్కుల చట్టం, ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా జాతి, రంగు, పుట్టిన దేశం కారణంగా వివక్ష చూపకూడదంది. ఇవాళ అక్కడ చదువుతున్న మన తెలుగు పిల్లలకూ ఆ రక్షణ వర్తిస్తుంది.

మన తరగతి గదికి వద్దాం

బీఎడ్‌లో మాకు సమ్మిళిత విద్య అని ఒక పాఠం ఉండేది. నిర్వచనాలు, ప్రయోజనాలు రాస్తే మార్కులు వచ్చేవి. మెక్‌లారిన్ కూర్చున్న పక్కగది గురించి చదివాకే నాకు ఆ పాఠం అసలు అర్థం తెలిసింది. అడ్మిషన్ ఇవ్వడం ఒకటి, పక్కన చోటివ్వడం ఇంకొకటి.

పేరెంట్ టీచర్ మీటింగ్‌లో టీచర్లు తరచూ వినే మాట ఒకటుంది: మా పాపను ఫలానా పిల్లాడి పక్కన కూర్చోబెట్టకండి. ఆ పిల్లాడు కొడుతున్నాడనో, చదవనివ్వడం లేదనో అయితే టీచరుకు తప్పక చెప్పాలి. కానీ వాడి ఇంగ్లిష్ బాగాలేదనో, వాళ్ల నాన్న చేసే పని ఫలానా అనో, వాడి రంగో, ఇంటిపేరో కారణమైతే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అదే చూపుతో రేపు పరాయి దేశంలో మన పిల్లల్ని ఎవరైనా చూస్తే మనం ఒప్పుకుంటామా? మన రాజ్యాంగం కూడా హ్యూస్టన్ కన్నుమూసిన ఆ 1950లోనే, జనవరి 26న అమల్లోకి వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం బడి గేటు దాకా తీసుకురాగలదు. బెంచీ మీద కాస్త జరిగి చోటివ్వాల్సింది మాత్రం మన పిల్లలే. అది వాళ్లు నేర్చుకునేది మనల్ని చూసే.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ అబ్బాయినో, అమ్మాయినో ఒక మాట అడిగి చూడండి. మీ క్లాసులో లంచ్ బాక్స్ ఒంటరిగా తినేది ఎవరు? పేరు చెబితే, ఎందుకు అని అడగండి. జవాబు విన్నాక సోమవారం ఏం చేయాలో మీరూ, మీ పిల్లలూ కలిసి ఆలోచించండి. క్లాసులో మా వంతు మేం చేస్తాం.