హిమసీమలో మహాజేత – తోర్లైఫ్ హౌగ్

శీతకాలము వచ్చినంతనే నార్వే దేశమున కొండలును లోయలును మంచుతో నిండిపోవును. పాదములకు పొడవైన కొయ్యపలకలను బిగించుకొని మంచుపై జారుచు పయనించుట అచ్చటివారికి తరతరముల నుండి అలవాటు. ఆ పలకలనే స్కీలందురు. బ్రతుకు అవసరముగా పుట్టిన ఆ విద్య క్రమముగా క్రీడయై వెలసినది. అందు ఆరితేరిన మేటి తోర్లైఫ్ హౌగ్.

ఆతడు 1894 సెప్టెంబరు 28వ తేదీన, డ్రామ్మెన్ పట్టణమునకు చేరువనున్న లియెర్ ప్రాంతమున జన్మించెను. రాజధానికి సమీపమునగల హోల్మెన్‌కోలెన్ కొండపై ఏటేట జరుగు స్కీ పోటీలు నార్వే ప్రజలకు జాతీయోత్సవము వంటివి. వానిలో 50 కిలోమీటర్ల పరుగు మిక్కిలి కఠినమైనది. మిట్టలెక్కుచు, పల్లములకు జారుచు, కొరికివేయు చలిలో గంటల తరబడి సాగవలెను. 1918 నుండి 1924 లోపల హౌగ్ దానిని ఆరుమారులు గెలిచెను.

1924లో ఫ్రాన్సు దేశపు షామొనీ పట్టణమున జరిగిన క్రీడోత్సవమే తరువాత మొదటి శీతకాల ఒలింపిక్స్‌గా గుర్తింపు పొందినది. అందు 50 కిలోమీటర్ల పరుగును హౌగ్ 3 గంటల 44 నిమిషముల 32 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము నందుకొనెను. 18 కిలోమీటర్ల పరుగునందును విజయము ఆతనిదే. పరుగును దుముకును కలిపి లెక్కించు సంయుక్త పోటీలో మూడవ స్వర్ణమును సాధించెను.

ఏటవాలుపై జారివచ్చి, గాలిలోని కెగిరి, దూరమున వాలు దుముకు పోటీలో మాత్రము ఆతనికి తృతీయస్థానము, కాంస్యపతకము లభించినవి. నార్వేలో పుట్టి అమెరికా పక్షమున పాల్గొనిన ఆండర్స్ హౌగెన్ నాలుగవ స్థానమున నిలిచెను.

హౌగ్ దీర్ఘాయువు కాలేదు. 1934 డిసెంబరు 12న న్యుమోనియా వ్యాధిచే నలుబదియవ యేట కన్నుమూసెను. 1946లో డ్రామ్మెన్ పౌరు లాతని విగ్రహమును ప్రతిష్ఠించుకొనిరి.

కథ యంతటితో ముగియలేదు. షామొనీ పోటీలు జరిగి అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1974లో, దుముకు పోటీ మార్కుల కూడికలో పొరపాటు బయటపడెను. హౌగ్‌కు వేసిన 18.000 సరికాదనియు, నిజముగా రావలసినవి 17.821 మాత్రమే యనియు తేలెను. హౌగెన్ మార్కులు 17.916. నార్వే క్రీడాచరిత్రకారుడు యాకోబ్ వోగె లెక్కలను పరిశీలించి దీనిని ధ్రువపరచెను. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము సమ్మతించెను.

తప్పు హౌగ్‌ది కాదు, లెక్క కట్టినవారిది. ఆతడు దాని నెరుగకయే మరణించెను. అయినను ఆతని కుమార్తె, తండ్రి జ్ఞాపకముగా ఇంట నిలిచిన పతకమును ఓస్లో నగరమున స్వహస్తములతో హౌగెన్‌కు సమర్పించెను. అప్పటి కా వృద్ధుని వయస్సు 85 సంవత్సరములు.

ఒక పతకము చేయి మారినది గాని హౌగ్ కీర్తి తరుగలేదు. మంచుదారిలో చెమటోడ్చి గడించిన మూడు స్వర్ణములు ఆతనివే. తనది కానిదానిని తన ఇంటినుండియే న్యాయముగా పంపివేసిన ఆ కుటుంబపు నడవడి, ఆ విజయములకు మరింత వన్నె తెచ్చినది.