కాంతి మీద మాట పంపిన గ్రాహంబెల్

టెలిఫోను కనిపెట్టింది ఎవరంటే మన హాస్టల్లో ఆరో తరగతి తమ్ముళ్లు కూడా అలెగ్జాండర్ గ్రాహంబెల్ అని చెబుతారు. ఆయన మాత్రం టెలిఫోను కన్నా ఫోటోఫోనే గొప్పదని నమ్మారు. దాని గురించి చాలామందికి తెలియదు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జన్మించారు. తల్లికి వినికిడి తక్కువ. తోడబుట్టిన అన్నదమ్ములిద్దరూ క్షయతో చనిపోయాక, 1870లో కుటుంబం కెనడాకు వలస వెళ్లింది. మరుసటి ఏడాది నుంచి ఆయన అమెరికాలోని బోస్టన్‌లో బధిర పిల్లలకు చదువు చెప్పారు. 1876లో టెలిఫోనుకు పేటెంటు వచ్చింది.

1880లో వాషింగ్టన్‌లో చార్లెస్ సమ్నర్ టెయింటర్‌తో కలిసి ఫోటోఫోను తయారుచేశారు. పలచటి అద్దం వెనుక నుంచి మాట్లాడితే అద్దం అదురుతుంది. దాని మీద పడి వెళ్లే ఎండ కూడా మాటకు తగ్గట్టు హెచ్చుతగ్గులవుతుంది. అవతల పెద్ద పుటాకార దర్పణం ఆ ఎండను సెలీనియం మీదికి చేరుస్తుంది. వెలుగు పడితే సెలీనియంలో విద్యుత్తు సులువుగా పారుతుంది. బ్యాటరీకి, టెలిఫోనుకు కలిపితే మాట వినిపిస్తుంది. ఫ్రాంక్లిన్ స్కూలు పైకప్పు నుంచి టెయింటర్ మాట్లాడితే 213 మీటర్ల దూరంలో బెల్ విన్నారు. అప్పుడే పుట్టిన కూతురికి ఫోటోఫోను అని పేరు పెడదామనుకున్నారు, ఇంట్లో ఒప్పుకోలేదు!

అసలు కష్టమంతా రిసీవరుతోనే. సెలీనియం నిరోధం చాలా ఎక్కువ. ఇత్తడి బిళ్లల మధ్య అభ్రకం పెట్టి, ఆ సందుల్లో సెలీనియం నింపి నిరోధం తగ్గించారు. 1881 నాటికి బ్యాటరీ కూడా లేకుండా, దీపపు మసితోనే శబ్దం పుట్టించారు. ఆగి ఆగి పడే ఎండకు మసి వేడెక్కి చల్లారుతూ గాలిని కదిలిస్తుంది. పట్టకంతో రంగులు విడదీసి చూస్తే, ఎరుపు దాటి కంటికి కనిపించని చోట శబ్దం ఎక్కువగా వచ్చింది. అదే పరారుణ కాంతి.

మబ్బు పడితే ఫోటోఫోను మూగబోయేది. మార్గశిరంలో మన అరకు మంచు చూసినవారికి ఈ చిక్కు వేరే చెప్పక్కర్లేదు. టీవీ రిమోటులో ఎండతో పని లేదు, చిన్న పరారుణ ఎల్‌ఈడీ చాలు. అది సెకనుకు సుమారు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది కాబట్టి ట్యూబులైటు వెలుగులోనూ రిసీవరు దాన్ని గుర్తుపడుతుంది. 2017లో ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ సంస్థ, ఏపీ ఫైబర్‌నెట్ కలిసి రాష్ట్రంలో తీగ లేకుండా కాంతి పుంజంతో ఇంటర్నెట్ అందించే 2,000 లింకులు పెడతామని ప్రకటించాయి. కేబులు వేయడం కష్టమైన కొండ ప్రాంతాలకు ఆ పద్ధతి ఆశ పుట్టించేదే. మంచు బెడద మాత్రం దానికీ ఉంది.

బెల్‌లో మాకు నచ్చనిది ఒకటుంది. బధిర పిల్లలు చేతి సైగల భాష మాని, నోటితోనే మాట్లాడాలని ఆయన పట్టుబట్టారు. బధిరులు ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడి, బడిలో తెలుగుతో మొదలుపెట్టిన మాకు వారి బాధ కొంత అర్థమవుతుంది.

1922 ఆగస్టు 2న కెనడాలోని బడెక్ దగ్గర ఆయన కన్నుమూశారు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోన్లన్నీ ఒక నిమిషం ఆపేశారు.