గోడపత్రికల చిత్రకారుడు సాల్ బాస్

చలనచిత్రశాలలో దీపము లార్పిన పిమ్మట తెఱమీద మొదట పేరులు పడును. నటీనటుల పేరులు, సంగీతము సమకూర్చినవారి పేరు, ఛాయాగ్రాహకుని పేరు, దర్శకుని పేరు వరుసగా వచ్చిపోవుచుండును. ఆ వేళ జనులు కుర్చీలు వెదకికొనుచు, పిల్లలను సర్దికొనుచు, వేరుసెనగకాయలు ఒలుచుకొనుచు నుందురు. అమెరికా దేశమందు 1950 ప్రాంతముల వఱకు ఈ అలక్ష్యము మఱింత హెచ్చుగా నుండెను. అనేక శాలలలో పేరులు ముగియువఱకు తెఱకు ముందున్న పరదానైనను తొలగించువారు కారు. పేరులు ఆ పరదా మడతలమీదనే పడి పోవుచుండెను. ఎవ్వరికిని పట్టని ఆ రెండు నిమిషములను కథలో భాగముగా జేసినవాడును, వీధిగోడమీద అంటించు పటమునకు క్రొత్త రూపు దిద్దినవాడును సాల్ బాస్ అను చిత్రకారుడు.

ఈయన 1920 వ సంవత్సరము మే నెల 8 వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ అను భాగమున జన్మించెను. తలిదండ్రులు తూర్పు యూరపు నుండి వలస వచ్చిన యూదులు. తండ్రి బొచ్చుతోళ్లతో దుస్తులు కుట్టు వృత్తివాడు. బాస్ అచ్చటనే జేమ్స్ మన్రో ఉన్నత పాఠశాలలో చదువు ముగించెను. పిమ్మట పగలు పని చేసికొనుచు, తీఱిక వేళలయందు ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ అను కళాశాలలో చిత్రలేఖన మభ్యసించెను. ప్రకటనలు తయారుచేయు సంస్థలలో కుదిరి, చలనచిత్రములకు పత్రికలలో వేయు ప్రకటనలు గీయుట ఆయనకు జీవనోపాధి యయ్యెను.

1944 ప్రాంతమున ఆయనకు మంచి గురువు లభించెను. హంగేరీ దేశస్థుడైన జార్జి కేపెష్ అను పండితుడు బ్రుక్లిన్ కళాశాలలో సాయంకాలపు తరగతులు నడపుచుండెను. జర్మనీలో బౌహౌస్ అను ప్రసిద్ధ శిల్పపాఠశాల యొకటి యుండి, నాజీల యొత్తిడిచే 1933 లో మూతపడెను. ఆ పాఠశాలలో బోధించిన మొహోలి నాజ్ తో కలిసి పనిచేసినవాడు ఈ కేపెష్. గీతకును, ఖాళీ స్థలమునకును, రంగునకును వేఱువేఱుగా భాష యున్నదనియు, బొమ్మలో నుంచినదానివలెనే ఉంచక విడిచినదియు మాటలాడుననియు బాస్ ఈయనయొద్ద గ్రహించెను. పగలెల్ల ప్రకటనలు గీసి అలసిన యువకుడు రాత్రి బడికి బోయి నేర్చుకొన్న ఈ విద్యయే ఆయన జీవితమునకు పెట్టుబడి.

1946 లో బాస్ చలనచిత్రముల రాజధానియగు లాస్ ఏంజెలెస్ నగరమునకు తరలిపోయెను. అచ్చట ఆనాటి గోడపత్రికల తీరు ఎట్టిదో మన విద్యార్థులకు వర్ణించి చెప్పనక్కఱలేదు. పాఠశాల వార్షికోత్సవములందు నాటకమునకై వారు వ్రాయు ప్రకటనను జూచిన చాలును. రాజు, రాణి, కత్తి, కిరీటము, కోటబురుజు, వెన్నెల, ఏడు రంగులు, మూల మిగిలిన జానెడు చోటులో ఒక నెమలి! ఏదియు విడువ మనస్సొప్పదు. హాలీవుడ్ వారికిని మనస్సొప్పెడిది కాదు. నాయకుని ముఖము, నాయిక ముఖము, ఆలింగనము, తుపాకి, గుఱ్ఱము, పెద్ద యక్షరములలో అతిశయోక్తులు అన్నియు ఒక్క పటమునందే క్రిక్కిఱిసి యుండెను. ఎవరికి ఏది నచ్చునో తెలియదు గనుక అన్నియు పెట్టుట వారి సిద్ధాంతము.

దీనికి విరుద్ధమైన మార్గమును త్రొక్కుటకు బాస్‌నకు అవకాశ మిచ్చినవాడు ఆటో ప్రెమింజర్ అను దర్శకుడు. 1954 లో కార్మెన్ జోన్స్ అను చిత్రమునకై బాస్ ఒక గులాబిపువ్వును, దానిని జుట్టిన మంటను చిహ్నముగా గీసెను. ఆ బొమ్మ కదలిన బాగుండునని యిరువురకును తోచెను. అంతట గోడపత్రికమీది మంట తెఱమీద పేరుల వెనుక కదలాడసాగెను. నిశ్చలమైన ప్రకటనకు ప్రాణము పోయుట అట్లు మొదలయ్యెను.

మఱుసటి సంవత్సరమున వచ్చిన ది మేన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్, అనగా బంగారు చేయి గల మనుష్యుడు, అను చిత్రముతో బాస్ పేరు దేశమంతట మ్రోగెను. నెల్సన్ ఆల్గ్రెన్ 1949 లో వ్రాసిన నవలను బట్టి తీసిన కథ అది. ఫ్రాంకీ అనువాడు జూదశాలలో పేకముక్కలు పంచుటయందు మిక్కిలి నేర్పరి. డోలు వాయించి గౌరవముగా బ్రతుకవలెనని వాని కోరిక. కాని హెరాయిన్ అను మత్తుమందునకు వాడు దాసుడు. ఆ మందును సూదితో చేతిలోనికే ఎక్కించుకొనును. మాదకద్రవ్యముల దుర్వ్యసనమును తెఱమీద చూపరాదని ఆనాటి హాలీవుడ్ నియమావళి నిషేధించెను గనుక, ఈ చిత్రము ఆ సంఘపు ఆమోదముద్ర లేకయే 1955 లో విడుదలయ్యెను.

ఇట్టి కథకు పటము గీయుట యెంత కష్టమో యోచింపుడు. సూదిని గీసినచో కేవలము భయము గొల్పును. నాయకుడైన ఫ్రాంక్ సినాట్రా ముఖమును పెద్దదిగా వేసినచో కథ మఱుగై, నటుడే మిగులును. బాస్ కత్తెరతో కాగితమును మొరటుగా కత్తిరించినట్లున్న నల్లని చేతిని ఒక్కదానిని గీసెను. మోచేయి వంకర పోయి, వ్రేళ్లు బిగుసుకొని, ఆ చేయి క్రిందికి వ్రేలాడుచున్నది. ముక్కలు పంచునది ఆ చేయియే, డోలు కొట్టగోరునది ఆ చేయియే, సూది గ్రుచ్చబడునదియు ఆ చేయియే. మనుష్యుని నేర్పును, ఆశయును, పతనమును ఒక్క అవయవమునందు జూపిన ఈ పటమును మించిన గోడపత్రికను నేనెఱుగను. దీనిని తక్కువ శ్రమతో చేసినదని తలంచువారు పొరబడుదురు. కథను చదివి చదివి, దాని మూలమును పట్టుకొన్నవానికి గాని ఆ చేయి దొరకదు. కథ తెలియనివాడు విడువదగినదేదో ఎఱుగడు గనుక అన్నియు పెట్టును.

ఇక ఆ చేతిని కదలించిన విధమును జూడవలెను. నేడు మన పిల్లలు కంప్యూటరు సహాయమున తమకు నచ్చిన చలనచిత్రమునకు చిన్న పటము గీసి, దానిని కదలించుచున్నారు. మంచిదే. కాని తఱచు వారు చేయునది, పూర్తియైన పటమును అటునిటు ఊపుట మాత్రమే. బాస్ అట్లు చేయలేదు. గోడపత్రికను జూచువాడు సమస్తమును ఒక్క చూపున చూచును. తెఱయెదుట కూర్చున్నవాడు క్షణము వెంట క్షణముగా చూచును. కావున బాస్ చేతిని మొదట చూపనే లేదు. నల్లని తెఱపై తెల్లని పట్టీ ఒకటి దిగును. పిదప మఱికొన్ని వచ్చును. అవి నిలువుగను అడ్డముగను జరుగుచు పేరులకు చోటిచ్చుచుండును. ఎల్మర్ బెర్న్‌స్టీన్ కూర్చిన జాజ్ సంగీతము వాని వెనుక గర్జించుచుండును. ఆ పట్టీలేమిటో మనకు బోధపడదు. సూదులో, కటకటాలో, డోలుకఱ్ఱలో! చిట్టచివరకు అవి కలిసి వంకరచేయిగా మాఱును. ఫిల్ముమీద ఒక్క సెకనుకు 24 చిత్రములు కావలెను, నిమిషమునకు 1440. కదలిక యెంత సామాన్యముగా గనబడునో, దాని వెనుక లెక్క అంత కఠినముగా నుండును.

ప్రెమింజర్ రీళ్ల డబ్బాలతోకూడ శాలల ఆపరేటర్లకు ఒక సూచన పంపెను. పేరులు మొదలగుటకు ముందే పరదా తొలగింపవలెనని దాని తాత్పర్యము. నేటికి అది చిన్న మాటగా తోచవచ్చును గాని, పేరులు పరదామీద పడి వ్యర్థమగు ఆచారమునకు అది గట్టి దెబ్బ.

అటుతరువాత కొన్నియేండ్లు బాస్ చేతినుండి వెలువడిన పనులు ఒకదానిని మించినది యొకటి. 1958 నాటి బోంజూర్ ట్రిస్టెస్ చిత్రమునకు ఒక ముఖమును, ఒక్క కన్నీటిబొట్టును గీసెను. 1959 లో అనాటమీ ఆఫ్ ఎ మర్డర్ అను న్యాయస్థానపు కథకు నారింజరంగు నేలపై ముక్కలుగా తెగిన నల్లని మనుష్యాకారమును పఱచెను. తెఱమీద ఆ ముక్కలు డ్యూక్ ఎల్లింగ్టన్ సంగీతమునకు అనుగుణముగా వచ్చి చేరును.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అను దర్శకునికై 1958 లో చేసిన వెర్టిగో మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పదగినది. ఎత్తైన చోట్ల తల దిరుగు వ్యాధి గల డిటెక్టివు కథ యది. పేరులు పడునపుడు ఒక స్త్రీ ముఖము, ఆమె కన్ను కనబడును. ఆ కంటిలోనుండి సుడులు పుట్టి తిరుగుచు పెద్దవగును. లంబముగా నుండు రెండు కంపనములను కలిపినప్పుడు కలుగు వక్రరేఖలను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు లిసాజూ 19 వ శతాబ్దమున పరిశీలించెను. మన భౌతికశాస్త్ర గ్రంథములలో అవి ఆయన పేరనే వాడుకలో నున్నవి. బాస్ ఆ రేఖలయందు మోహపడి, జాన్ విట్నీ అను ప్రయోగశీలి సహాయమున వానిని చిత్రమునకు ఎక్కించెను. పాఠ్యపుస్తకములోని యొక పటము మనుష్యుని భయమునకు రూపమయ్యెను. గోడపత్రికమీదను అదే సుడి. అందులో పడిపోవుచున్న రెండు ఆకారములు. మఱేమియు లేదు.

1960 నాటి సైకో చిత్రమునకు పేరులను అడ్డగీతలతో నిలువుగీతలతో కోసి విడదీసెను. అందులోని స్నానపు గదిలో జరుగు హత్యాదృశ్యమునకు వరుసగా బొమ్మలు గీసి యిచ్చినదియు ఈయనయే. పిదప కొంతకాలమునకు, ఆ దృశ్యమునకు దర్శకత్వము కూడ తానే వహించినట్లు బాస్ చెప్పుకొనెను. అందు నటించిన జానెట్ లీ మాత్రము హిచ్‌కాక్ యే ఆసాంతము తీసెనని సాక్ష్యమిచ్చెను. బొమ్మలు బాస్‌వి యనుటలో సందేహము లేదు. అంతకు మించిన కీర్తి ఆయనకు అవసరమనియు నాకు తోచదు.

కీర్తిని గూర్చిన మాట వచ్చినది గనుక మఱియొకరిని స్మరింపవలెను. ఎలేన్ మాకటూరా అను యువతి 1950 తరువాత బాస్ కార్యాలయమున సహాయకురాలుగా చేరెను. 1961 లో వారికి వివాహమయ్యెను. ఆమె సంగీతము నెఱిగినది. కదలికకు తాళము కూర్చుటయందు నిపుణురాలు. అనేక చిత్రములలో ఆమె పని యున్నను, లోకము బహుకాలము సాల్ పేరునే పలికెను. 1990 తరువాతి చిత్రములలో మాత్రము తెఱమీద ఇద్దఱి పేరులును కలిసి పడినవి. ఇతరుల పేరులను అంత యందముగా చూపినవారి యింటిలో ఆమె పేరు అంత ఆలస్యముగా వెలుగుట విచారకరము.

1966 తరువాత చలనచిత్రములలో బాస్‌నకు పని సన్నగిల్లెను. ఆయన మార్గమును అనుకరించువారు పెక్కుమంది బయలుదేరిరి. కథకు సంబంధము లేని బొమ్మలును తెఱమీద గంతులు వేయసాగెను. పిదప అభిరుచియే మాఱెను. దంపతులు విచారించుచు కూర్చుండక లఘుచిత్రములు తీసిరి. వానిలో వై మేన్ క్రియేట్స్, అనగా మానవుడు ఏల సృజించును, అనునది 1968 వ సంవత్సరపు ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఆస్కార్ బహుమానము పొందెను. వాణిజ్యసంస్థలకు చిహ్నములు గీయుటయందును అదే పొదుపు కనబడును. 1969 లో అమెరికా టెలిఫోను సంస్థకు ఒక వృత్తములో ఒక గంట, అంతే. 1974 లో చీమలను గూర్చి ఫేజ్ ఫోర్ అను పెద్ద చిత్రమునకు దర్శకత్వము వహించెను గాని, అది ధనము తేలేదు; మఱియొక పెద్ద చిత్రము తీయు అవకాశము ఆయనకు రాలేదు.

1980 లో ది షైనింగ్ అను చిత్రమునకు గోడపత్రిక గీయుచుండగా దర్శకుడగు స్టాన్లీ కూబ్రిక్ ఆయన నమూనాలను పలుమార్లు త్రిప్పి పంపెను. అప్పటికి బాస్ వయస్సు 60 యేండ్లకు చేరువ. పేరు దేశదేశములందు వ్యాపించియున్నది. అయినను మఱల మఱల గీసి పంపెను. ఒక్కసారి దిద్దుమన్న మొగము ముడుచుకొను మన చిత్రలేఖన విద్యార్థులు ఈ సంగతిని రెండుమార్లు చదువుదురు గాక!

వార్ధక్యమున బాస్ దంపతులను తెఱయెదుటికి మఱల పిలిచినవారిలో ముఖ్యుడు మార్టిన్ స్కోర్సెసీ. ఆయనకై వారు 1990 లో గుడ్‌ఫెల్లాస్, 1991 లో కేప్ ఫియర్, 1993 లో ది ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్ చిత్రములకు పేరుల దృశ్యములు కూర్చిరి. ఒకదానిలో నీటిమీది నీడలు, మఱియొకదానిలో జల్లితెఱ వెనుక విచ్చుకొను పువ్వులు. 1995 లో వచ్చిన కాసినో చివరిది. కారు ప్రేలగా ఎగిరిన మనుష్యాకారము మంటలనుండియు, జూదనగరపు దీపకాంతులనుండియు పడిపోవుచుండును. వెనుక వినిపించునది బాక్ రచించిన మత్తయి సువార్త శ్రమల గానములోని బృందగీతము. ఇందును వారు ముఖమును చూపలేదు, కథను చెప్పలేదు. పడుటను మాత్రము చూపిరి.

సాల్ బాస్ 1996 వ సంవత్సరము ఏప్రిల్ నెల 25 వ తేదీన, 75 యేండ్ల వయస్సున, లాస్ ఏంజెలెస్ నగరమందు కాలధర్మము నొందెను. ఎలేన్‌ను, నలుగురు సంతానమును విడిచి వెళ్లెను. ఆయన గీసిన చిత్తుబొమ్మలు, పటములు, కాగితములు ఆ ప్రాంతమందే మార్గరెట్ హెర్రిక్ గ్రంథాలయమున భద్రపఱుపబడినవి.