ఒంగోలు క్లౌ దొరగారు

ధాత కరవు మాట పెద్దల నోట వినని కుటుంబము మన సీమలో అరుదు. ఆ కరవులో వేలమందికి కూలి చూపి ప్రాణములు నిలిపిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి చరిత్ర మాత్రము నేటి పిల్లలకు అంతగా తెలియదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఆ జీవితమును సంగ్రహముగా వ్రాయుటకు సాహసించుచున్నాను. నేను లెక్కలు వ్రాయువాడను, మతబోధకుడను కాను. ఒక మనుజుడు చేసిన మేలును ఏ కొలతతో కొలువవలెనన్న ప్రశ్నయే నన్ను ఈయన చరిత్రవైపు లాగినది.

క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. పేద రైతు కుటుంబము. యౌవనమున మిన్నెసోటా ప్రాంతములో గొలుసు పట్టి భూములు కొలిచిరి. న్యాయవాది కావలెనని తలచినవారు విద్యాభ్యాస కాలమున బాప్టిస్టు మతమునందు విశ్వాసము కుదిరి మిషనరీ అయిరి. 1865లో భార్య హారియెట్‌గారితో నెల్లూరు చేరిరి. మరుసటి సంవత్సరము ఒంగోలునకు వచ్చిరి. నెల్లూరి మిషను పావు శతాబ్ది శ్రమకు ఫలము స్వల్పముగా నుండుటచే దానిని మూసివేయుదమా యని స్వదేశమున తర్జనభర్జనలు జరిగిన రోజులవి.

ఒంగోలులో దొరగారు తెరచిన బడికి మొదట బ్రాహ్మణ బాలురు వచ్చిరి. అంతలో కనిగిరి వైపు తాళ్ళకొండపాడునుండి యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు భార్యతో కూడ వచ్చి బాప్తిస్మము పొందెను. ఇతడు తోళ్ళ వ్యాపారి. అంతకు ముందే యోగమార్గము నభ్యసించి శిష్యులను సంపాదించినవాడు. పాలెముల వారిని చేర్చుకొన్నచో తాము రామని పెద్దకులముల వారు స్పష్టముగా చెప్పిరి. దొరగారును, దొరసానిగారును వేర్వేరుగా బైబిలు తెరువగా, లోకము నీచముగా నెంచినవారిని దేవుడు ఎన్నుకొనెనను భాగమే ఇరువురి కంటను బడెనట. వారు పాలెమునే వరించిరి. బడి చెదరిపోయెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము వెలసెను. ఆ నెలలోనే తాళ్ళకొండపాడులో 28 మంది చేరిరి.

అప్పటి పాలెము స్థితి యెట్టిది? ఊరి బావి దగ్గరకు రాకూడదు, గుడికి రాకూడదు, చెప్పులు కుట్టి, మోటబొక్కెనలు కుట్టి, పిలిచినప్పుడెల్ల చాకిరి చేయవలెను. ఇట్టివారికి దొరగారు పెట్టిన నియమములు ముఖ్యముగా మూడు. ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. చూచుటకు స్వల్పములే. కాని ఏడు దినములలో ఒక దినము తనదియని కూలివాడు పలుకుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. జాతరలో డప్పు కొట్టమన్నవారిపై ఊరి పెద్దలు ఆగ్రహించిరి. కొందరికి పని పోయెను. కొందరు దెబ్బలు తినిరి.

1876లో ధాత కరవు వచ్చెను. 1878 వరకు దేశము మలమల మాడెను. అప్పుడు ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండగా క్లౌగారు మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకొనిరి. పూర్వము భూములు కొలిచిన చేయి ఇప్పుడు మన్ను కొలిచెను. బోధకులే మేస్త్రీలైరి. ఏ కులము, ఏ మతమను విచారణ లేక వచ్చినవారికెల్ల పని, కూలి దొరకెను.

ఇచ్చటనే ఆయన గొప్పతనము నాకు గోచరించుచున్నది. కరవుకాలమున మతములో చేరుదుమని గుంపులు గుంపులుగా వచ్చి యడిగిరి. చేర్చుకొన్నచో పద్దు పెరిగెడిది. స్వదేశమున పేరు వచ్చెడిది. ఆయన ఏడాదికి పైగా ఒక్కరికైనను బాప్తిస్మ మీయలేదు. ఆకలితో చాచిన చేతిని విశ్వాసపు లెక్కలో వ్రాయుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. కరవు తగ్గి, సహాయము నిలిచిన పిదపను జనులు విడువక వచ్చిరి. అప్పుడు, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలుకు ఉత్తరముగా పదిమైళ్ళ దూరమున వెల్లంపల్లివద్ద మన గుండ్లకమ్మ నీటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు తీసుకొనిరి. దొరగారు గట్టుననే యుండిరి. ఆ యేటి చివరకు చేరినవారు 9,606 మంది.

ఈ అంకెలు ప్రపంచమెల్ల ప్రాకెను. కాని అంకెలనే నమ్మి కూర్చుండుట లెక్క తెలిసినవాని లక్షణము కాదు. చేరిన దినమున వ్రాసినది జమ మాత్రమే. నిలువ ఎంతయో చూడవలెను గదా! దొరగారును వచ్చినవారి సంఖ్యతో తృప్తిపడక పాలెములలో బడులు పెట్టించిరి. అక్షరము వచ్చినవానిని ఉపాధ్యాయునిగా పంపిరి. 1880లో ఒంగోలున ఉన్నత పాఠశాల నెలకొల్పిరి. అయినను లోటు లేకపోలేదు. వచ్చినవారిలో మిక్కిలి భాగము మాదిగవారే; మాలపల్లెకును మాదిగపల్లెకును నడుమనున్న గోడ వెంటనే కూలలేదు. ఊరి బావి గట్టు సహితము అంతట కరగలేదు. ఈ లోటును దాచినచో ఆయన మేలును గూడ మనము సరిగా కొలువలేము.

క్లౌగారు 1910 నవంబరు 24వ తేదీన అమెరికాలోని రోచెస్టరులో దివంగతులైరి. ఏ మతమువారైనను ఆయననుండి గ్రహింపదగిన నీతి యొకటి కలదు. పెరిగిన పద్దును చూచి మురియక, అది ఏల పెరిగెనో విచారింపవలెను. సందేహము కలిగినచో చేతికందిన పెద్ద అంకెనైనను వదలుకొనవలెను.

పాఠక మహాశయులారా! రజతోత్సవ దినమున మనమును లెక్క చూచుకొందుము: ఇన్ని గ్రంథములు, ఇందరు చందాదారులు అని. అవి చదువుట ముగిసిన పిదప ఒక్క క్షణమాగి, ఆ పట్టికలో పేర్ల ప్రక్కనున్న వీథులను గూడ చదువుదము. ఏ వీథి పేరు అందులో కానరాదో, మన రానున్న యిరువదియైదేండ్ల పని అక్కడనే యున్నది.