ఏనుగు దిగిపోయాక

ఈ సంచికకి కోడి రామమూర్తి నాయుడి మీద రాస్తానంటే క్లబ్బులో ముగ్గురు నలుగురు ఆయన ఎవరని అడిగారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి మన హాస్టల్లో ఉంటున్న అన్నలకి చెప్పక్కర్లేదు, వాళ్ల ఊళ్ల వైపు ఆ పేరుకి ఇప్పటికీ విలువ ఉంది. ఒకప్పుడు తెలుగునాట ఎవడైనా కండలు చూపిస్తే వీడో పెద్ద కోడి రామ్మూర్తి అని ఎకసెక్కం ఆడేవాళ్లు. మన తిరుపతి, చిత్తూరు వైపు ఆ మాట పలికే తరం దాదాపు వెళ్లిపోయింది. కలియుగ భీముడు అన్న బిరుదు మాత్రం అందరం ఎక్కడో విన్నాం, అది ఎవరిదో తెలియకుండానే.

ఆయనది వీరఘట్టం. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 1880ల మొదట్లో పుట్టాడు. నాన్న వెంకన్న నాయుడు. అమ్మ చిన్నప్పుడే పోయింది. తల్లి లేని పిల్లోడని నాన్న గారాబం చేశాడు, పిల్లోడు బడికి సరిగ్గా పోలేదు, ఊరి మీద పడి తిరిగాడు. ఇక లాభం లేదని విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేస్తున్న చిన్నాన్న నారాయణస్వామి దగ్గరికి పంపించారు. ఆ చిన్నాన్న ఎవరో గానీ మంచి పని చేశాడు. చదువు ఎక్కట్లేదని తిట్టి ఊరుకోకుండా, పిల్లోడికి దేని మీద ధ్యాస ఉందో చూసి వ్యాయామశాలలో చేర్పించాడు. దండీలు, బస్కీలు, కుస్తీ. ఉత్తరాంధ్రలో సంగిడి రాళ్లు ఎత్తడం అప్పటికే ఉన్న సరదా. మన సీమలో ఉగాదికో తిరనాళ్లకో గుండు ఎత్తడం, ఇరుసు ఎత్తడం ఎట్లనో అట్ల.

తర్వాత మద్రాసు పోయి సైదాపేటలో వ్యాయామ శిక్షణ తీసుకుని, తిరిగి వచ్చి విజయనగరంలో తను చదివిన హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టారుగా చేరాడు. ఆయన మీద రాసినవి చదివితే ఈ సంగతి ఒక్క లైనులో అయిపోతుంది, వెంటనే ఏనుగు వచ్చేస్తుంది. నాకు మాత్రం ఇది ముఖ్యం అనిపించింది. ఆయన ఊరి పహిల్వాను మాత్రమే కాదు. శరీరం గురించి చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకుని, పిల్లలకి నేర్పిన మనిషి. మాంసం ముట్టేవాడు కాదంటారు. మెస్సులో గుడ్డు లేని రోజు గోల చేసే మా జిమ్ బ్యాచ్‌కి ఈ మాట చెప్తే ఎవరూ నమ్మలేదు. ప్రాణాయామం రోజూ చేసేవాడు. ఈ ఊపిరి సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మాస్టారి ఉద్యోగం ఎక్కువ కాలం సాగలేదు. పొట్టి పంతులు అనే ఆయన తోడ్పాటుతో విజయనగరంలోనే సర్కస్ కంపెనీ పెట్టాడు. గుర్రాలు, ఏనుగులు, డేరాలు, ఊరూరా ప్రయాణాలు. ప్రదర్శనలో ఆయన వంతు వచ్చేసరికి ఒంటికి ఇనప గొలుసు చుట్టేవాళ్లు. ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగిస్తే గొలుసు తెగిపడేది. తర్వాత ఆయన నేల మీద వెల్లకిలా పడుకుంటే ఛాతీ మీద పలక వేసి, దాని మీదికి ఏనుగుని ఎక్కించేవాళ్లు.

ఇక్కడ మెకానికల్ వాళ్లు చెయ్యెత్తుతారని తెలుసు. నిజమే, పెద్ద ఏనుగు మూడు టన్నులు అనుకుందాం, పలక రెండు చివర్లూ నేలకి ఆనితే నేల కూడా కొంత మోస్తుంది. పలక వెడల్పు కాబట్టి బరువు ఛాతీ అంతా పరుచుకుంటుంది. ఏనుగు అక్కడ గంటసేపు నిలబడదు, కొన్ని క్షణాలే. ఎముక నొక్కుడుని బాగా తట్టుకుంటుంది, పక్కటెముకలు కమానులాగా పనిచేస్తాయి. ఇవన్నీ లెక్క వేసి ఇది ట్రిక్ అని తేల్చేసే వీడియోలు కూడా ఉన్నాయి. కానీ ఎన్ని లెక్కలు వేసినా, మిగిలిన భారం కింద పడుకున్న మనిషి ఊపిరి మీదే నిలబడాలి. నిండా గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట బిగిస్తే లోపలి ఒత్తిడి వెన్నుకీ ఛాతీకీ గుంజలాగా ఆసరా ఇస్తుంది. స్క్వాట్ చేసే ముందు మనం బెల్టు బిగించి చేసేది అదే. ఆయన దాన్ని ప్రాణాయామం అన్నాడు. ఆ క్షణంలో ఊపిరి జారితే ట్రిక్ అన్న వాళ్లెవరూ వచ్చి పలక పట్టుకోరు.

నన్ను ఎక్కువ ఆపింది ఏనుగు కాదు, కార్లు. రెండు కార్లకి కట్టిన గొలుసుల్ని రెండు భుజాలకి కట్టించుకుని నడిమధ్య నిలబడేవాడట. ఒకటి ఇటు, ఒకటి అటు. డ్రైవర్లు ఎంత వేగం పెంచినా బండ్లు కదిలేవి కాదట. వైస్రాయ్ లార్డ్ మింటో స్వయంగా కారులో కూర్చుని పరీక్షించాడని, కారు అంగుళం కదల్లేదని చెప్పుకుంటారు. రెండు కార్లు సమానంగా లాగితే మనిషి ఎటూ పోడు, అది సరే, బలాలు రద్దయిపోతాయి. కాగితం మీద సున్నా వస్తుంది. భుజంలో మాత్రం సున్నా రాదు. లాగుడంతా ఆ కీళ్ల గుండానే ఒక గొలుసు నుంచి ఇంకో గొలుసుకి పోవాలి.

భుజం గురించి ఇంత ఎందుకంటే, పోయిన ఆగస్టు నుంచి నా కుడి భుజం నన్ను నిద్రపోనివ్వట్లేదు. స్నాచ్‌లో బార్ తల పైకి పోయినప్పుడు లోపల సన్నగా సూది గుచ్చినట్టు మొదలైంది. నెల తిరిగేసరికి కుడివైపు తిరిగి పడుకోలేని పరిస్థితి. షర్టు తొడుక్కోవాలన్నా ఎడమ చెయ్యి సాయం రావాలి. సెలవులకి ఊరికి పోతే మా జేజి ఒకటే మాట, పుత్తూరికి పోయి కట్టు కట్టించుకోమని. మా వైపు వాళ్లకి ఎముక అంటే పుత్తూరు కట్టే. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టే ఆ కట్టు కోసం తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. మా చిన్నాయన చెయ్యి విరిగితే అక్కడే అతుక్కుంది కూడా. కానీ నాకు విరిగింది ఏమీ లేదు, అదే అసలు చిక్కు. విరిగితే కట్టు కనిపిస్తుంది, అందరూ పక్కకి జరిగి దారిస్తారు. లోపలి నరమేదో వాచిందంటే బద్ధకం అనుకుంటారు. తిరుపతిలో ఎముకల డాక్టరు స్కానింగ్ చూసి, సుప్రాస్పైనేటస్ అనే కండరం చివరి తాడు నలిగి వాచిందన్నాడు.

తుంటి కీలు లోతైన గిన్నెలో బంతి. భుజం అట్ల కాదు. అక్కడ గిన్నె లేదు, నిస్సారమైన చిన్న పళ్లెం ఉంది, దానికంటే చాలా పెద్ద బంతి దానికి ఆనుకుని ఉంది. అందుకే చెయ్యి ఇన్ని దిక్కులకి తిరుగుతుంది. అందుకే ఇంత తేలిగ్గా దెబ్బతింటుంది. బంతిని పళ్లెంలో పట్టి ఉంచేది ముఖ్యంగా నాలుగు చిన్న కండరాలు, రొటేటర్ కఫ్ అంటారు. పై దాని తాడు అక్రోమియన్ అనే ఎముక చూరు కింద నుంచి పోతుంది. చెయ్యి పైకెత్తిన ప్రతిసారీ ఆ సందు ఇరుకవుతుంది. తాడుకి రక్తం సరఫరా కండకి ఉన్నంత ఉండదు, కాబట్టి మానడం నిదానం. అద్దంలో కనిపించే పెద్ద కండలు నెలల్లో పెరుగుతాయి, ఈ తాడు వాటితో సమానంగా పరిగెత్తలేదు.

ఆరు వారాలు తల పైకి బరువు ఎత్తొద్దన్నారు. రబ్బరు బ్యాండు తలుపు గడియకి కట్టి, మోచెయ్యి నడుముకి ఆనించి, చేతిని బయటికి తిప్పడం. పదిహేనుసార్లు, మూడు విడతలు. అంతే నా వ్యాయామం. హాస్టల్లో దీన్ని చూసి నవ్వని వాడు లేడు.

అప్పుడే రామమూర్తి జీవితం దొరికినంత చదివాను. పేరు బాగా పెరిగింది. పూనాలో తిలక్ మల్లమార్తాండ బిరుదు ఇచ్చాడని, అలహాబాద్‌కి మదన్ మోహన్ మాలవీయ పిలిపించాడని అంటారు. లండన్ పోయి ఐదో జార్జి చక్రవర్తి ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులెస్ అనిపించుకున్నాడు. స్పెయిన్‌లో ఎద్దుని కొమ్ములు పట్టి పడేశాడన్న కథ కూడా ఉంది. యూజిన్ శాండో ఫోటోలు మన దేశంలో గోడలకెక్కిన రోజులవి, కాబట్టి ఈయన్ని ఇండియన్ శాండో అని కూడా పిలిచారు. తెల్లవాడు పాలిస్తున్న కాలంలో మన మనిషి ఒంటి బలం చూసి జనం ఎందుకంత పొంగిపోయారో ఊహించుకోవచ్చు. బాగా సంపాదించాడు, దానాలకి బాగా ఖర్చు పెట్టాడు. ఈ భాగం మీకు ఎక్కడైనా దొరుకుతుంది, నేను పొడిగించను.

దొరకనిది దెబ్బల చరిత్ర. గిట్టనివాళ్లు ఒకచోట నాసి పలక పెట్టారని, ఏనుగు ఎక్కినప్పుడు అది విరిగి పక్కటెముకలు దెబ్బతిని నెలల తరబడి మంచాన ఉన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథల్లో ఎప్పుడూ ఒక శత్రువు ఉండాలి. శత్రువు లేకపోయినా, ఏళ్ల తరబడి డేరా మార్చి డేరాలో అదే ఛాతీ మీద అంత బరువు, అవే భుజాలకి అవే గొలుసులు. టికెట్ కొన్న జనం బయట కూర్చుని ఉండగా, ఈ రోజు నొప్పిగా ఉంది, రేపు రండి అని చెప్పే వీలు సర్కస్ యజమానికి ఎక్కడిది? ఆయన ఆడకపోతే గుర్రాలకి దాణా లేదు, వెనకున్న వాళ్లకి జీతం లేదు. నాకు ఆరు వారాలు ఆగమన్న డాక్టరున్నాడు, ఆగితే పోయేది ఒక సెలక్షన్ మాత్రమే.

చివరికి ఆయన్ని పడగొట్టింది ఏనుగూ కాదు, కారూ కాదు. కాలి మీద పుండు. అది ఎంతకీ మానలేదు. కాలు తీసేయక తప్పలేదు. కోత కోసేటప్పుడు మత్తు మందు వద్దని, ప్రాణాయామంతో ఊపిరి నిలిపి పడుకున్నాడని చెప్తారు. ఎంతవరకు జరిగిందో గానీ, ఆ మాట నాకు అతిశయోక్తిగా అనిపించలేదు. గొలుసులకి, ఏనుగుకి ముప్పయ్యేళ్లు సాధన చేసిన ఊపిరి ఇంకెక్కడ వాడుకుంటాడు మరి? అయితే ఈ కథని మనవాళ్లు చెప్పే తీరు నచ్చదు. నొప్పిని లెక్కచేయని వీరుడు అని మురిసిపోయి ఆపేస్తారు. మరుసటి రోజు పొద్దున ఆ మనిషి లేచి కూర్చుని, కాలు ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం చూసి ఉంటాడు కదా. దేశమంతా ఆ కాళ్ల మీద నిలబడి సంపాదించినవాడు.

మా జిమ్ములో కూడా ఇదే తంతు. నొప్పితో ఎత్తినవాడికి చప్పట్లు, నొప్పని ఆగినవాడికి జోకులు. మంట వేరు, సూదిపోటు వేరు. కండ అలిసి మండితే రెండు రోజుల్లో తగ్గుతుంది. కీలు లోపల ఒకే చోట గుచ్చుతూ, రాత్రిళ్లు ఎక్కువై, వారాలు గడిచినా అక్కడే ఉంటే అది వేరే విషయం. ఈ తేడా ఫస్టియర్ పిల్లోళ్లకి ఎవరూ చెప్పరు. డ్రిల్లు మాస్టారు రామమూర్తి అయితే చెప్పేవాడేమో, సర్కస్ రామమూర్తికి ఆ తీరిక లేకపోయింది.

చివరి రోజులు ఆయన సొంత ఊరికి దూరంగా గడిచాయి. ఒడిశాలో పట్నా అని ఒక సంస్థానం ఉండేది, బీహార్ పట్నా కాదు, దాని రాజధాని బలాంగీర్. అక్కడి రాజు ఆదరణలో ఉన్నాడు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, అక్కడే పోయాడు. అరవై ఏళ్లు లేదా దానికి అటూ ఇటూ. ఆ నెలలో దేశం యుద్ధం వార్తల్లో మునిగి ఉంది, జపాన్ వాళ్లు బర్మా వైపు వస్తున్నారు.

ఇప్పుడు శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది, ఈసారి ఎవరైనా వైజాగ్ ట్రిప్పు పోతే సబ్‌మెరైన్ దగ్గర సెల్ఫీలు అయ్యాక దాన్ని కూడా చూసి రండి. మన యూనివర్సిటీ సెలక్షన్లు జనవరిలోనే. నా పేరు ఇవ్వలేదు. 67 కేజీల్లో మా రూమ్మేట్ దిగుతున్నాడు, వాడికి కూడా ఈమధ్య ఎడమ భుజం పట్టేస్తోందట. నా బ్యాండు వాడి దగ్గరే ఉంది.