ప్లేగు టీకా ఇచ్చి నింద మోసిన హాఫ్‌కిన్

ఎలుకలు రాలితే జనం ఊళ్లు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకున్న రోజులవి. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. టీకా కనిపెట్టే పనిని ప్రభుత్వం వాల్డెమర్ హాఫ్‌కిన్‌కు అప్పగించింది.

ఆయన 1860లో రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సాలో యూదు కుటుంబంలో పుట్టారు. అప్పటికే మన దేశంలో వేలాది మందికి కలరా టీకాలు వేశారు. బొంబాయి గ్రాంట్ వైద్య కళాశాలలో రేయింబవళ్లు శ్రమించి, ప్లేగు క్రిములను పెంచి, వేడితో చంపి మందు తయారు చేశారు. 1897 జనవరి 10న ముందుగా తానే వేయించుకున్నారు. జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత లక్షల మంది వేయించుకున్నారు.

1902 అక్టోబరులో పంజాబులోని మల్కోవాల్ గ్రామంలో టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్‌కిన్ మీద పడింది. ఉద్యోగం పోయింది. ఆ 19 మందికీ వేసిన మందు ఒకే సీసాలోది. మూత తీసే పటకారు నేలమీద పడితే, సహాయకుడు దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడాడని తర్వాత బయటపడింది. సికిందరాబాదులో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ ఆయన పక్షాన గట్టిగా వాదించారు. 1907లో నింద తొలగింది.

1925లో బొంబాయి ప్లేగు ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు. 1930లో స్విట్జర్లాండులో ఆయన కన్నుమూశారు. మందు ఎంత మంచిదైనా, వేసే పనిముట్టు శుభ్రంగా లేకపోతే ప్రాణం మీదికి వస్తుందన్నది మల్కోవాల్ నేర్పిన పాఠం.