పండుగ పళ్లెమును త్రోసిన వృద్ధుడు



విక్టోరియా రాణి కాలమున ఇంగ్లాండులో క్రిస్మసుకు బంధుమిత్రులు కూడినప్పుడు ఒకరు లేచి ఏకపాత్రాభినయము చేయు వాడుక యుండెను. జనులు ఏటేట కోరి విని కన్నీరు విడిచిన వాటిలో ఒకటి, బీదల ఆశ్రమములోని క్రిస్మసు దినమును గూర్చిన కథాగేయము. దానిని వ్రాసిన జార్జి రాబర్ట్ సిమ్స్ జీవితమును ఈ నెల తలంచుకొందము.

ఆయన 1847లో లండనులో కలిగిన కుటుంబమున జన్మించెను. పత్రికా రచయితయై, 1877లో రెఫరీ అను వారపత్రికలో డాగొనెట్ అను మారుపేరుతో ఈ గేయమును ప్రకటించెను.

కథ యిది. 1834 నాటి చట్టము క్రింద దిక్కులేని బీదలు వర్కుహౌసు అను ఆశ్రమములో చేరవలసి యుండెను. అక్కడ భార్యాభర్తలను వేరుచేయుచుండిరి. పండుగనాడు ఆశ్రమ పాలకులు తమ స్త్రీలతో వచ్చి, బీదలు భుజించుట చూచి తమ ధర్మబుద్ధికి తామే మురిసిరి. అప్పుడు జాన్ అను వృద్ధుడు పళ్లెమును త్రోసివేసి లేచెను. క్రిందటి క్రిస్మసుకు తన భార్య ఆకలితో నుండగా ఈ గుమ్మముననే రొట్టె అడిగితిననియు, ఆశ్రమములో చేరిననే అన్నమనిరనియు, తనను ఎడబాయనొల్లక ఆమె ఆకలితోనే చనిపోయెననియు చెప్పెను.

సిమ్స్ లోపములేనివాడు కాడు. నాటకములవలన విస్తారముగా సంపాదించి, జూదములో చాల పోగొట్టుకొనెను. అయినను గేయము వ్రాసి ఊరకుండలేదు. ఆకలిగొన్న బడిపిల్లలకు భోజనము పెట్టు నిధికి తోడ్పడెను. 1883లో లండను పేటలు తిరిగి బీదల బ్రతుకును లోకమునకు తెలిపెను. అన్యాయముగా శిక్షపొందిన అడాల్ఫ్ బెక్ పక్షమున పోరాడెను. బెక్ 1904లో నిర్దోషిగా విడుదలయ్యెను. సిమ్స్ 1922లో మరణించెను.

గేయము విని ఏడ్చినవారు అనేకులు. అయినను ఆ ఆశ్రమముల వ్యవస్థ 1930 వరకు నిలిచెను. కన్నీరు కూడ పండుగ వేడుకలలో ఒకటి కాగలదు.

మేమును ఒకటి ఒప్పుకొనవలెను. ఒక క్రిస్మసున విధవరాండ్రను వరుసగా నిలిపి, దాతల పేర్లు చదివి, చీరలు పంచితిమి. ఒక తల్లి తల యెత్తకయే పుచ్చుకొనెను. అది వినయమని తలంచితిమి. ఈ వృద్ధుని కథ తెలిసిన పిమ్మట ఆ తలవంపు మాదేయని గ్రహించితిమి.

మత్తయి 6:1-4 ధ్యానించుడి. ఈ యేడు చీర చీకటిపడిన తరువాత ఆమె యింటికే చేరవలెను. అంతకంటె ముందు, పండుగ రాకమునుపే, ఆమె పొయ్యి వెలుగుచున్నదో లేదో పోయి చూతము.